తాళం పడే చోట్లు ముందు

షికాగో చుట్టుపక్కల ఉండే మనవాళ్ల ఇళ్లకు ఎండాకాలంలో ఊరి నుంచి పెద్దవాళ్లు దిగుతారు. మొదటి వారం పగలు నిద్ర, రాత్రి మెలకువ. రెండో వారం అరోరా బాలాజీ గుడి, లెమాంట్ రాముడి గుడి. మూడో వారం డౌన్‌టౌన్ మేడలు, మిషిగన్ సరస్సు, ఫొటోలు. ఆ తర్వాత అందరి నోటా ఒకటే మాట, నయాగరా. కారులో పోనూ ఎనిమిది తొమ్మిది గంటలు. సెలవు పెట్టాలి, హోటల్ గది తీసుకోవాలి. అదయినా ఒక్కసారే. మరి మిగిలిన శనివారాలు ఏం చేయాలి?

మేం ఉండేది నేపర్‌విల్‌లో. ‘ఇల్లినాయ్‌లో మొక్కజొన్న చేలు తప్ప ఏముంది?’ అని ఎవరైనా అంటే నాకు పౌరుషం వస్తుంది. పొద్దున ఆరింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చేలా ఒక్క రోజు నా చేతికివ్వండి. రాష్ట్రం పొలిమేర దాటకుండానే అబ్రహాం లింకన్ ఇల్లూ సమాధీ చూపించి, నూరేళ్ల పాత రోడ్డు మీద ఇంటికి తీసుకొస్తాను. అయితే చోట్లు తెలిసినంత మాత్రాన సరిపోదు, వాటిని ఏ వరసలో చూడాలో తెలియాలి. ఆ వరస కుదిర్చే పద్ధతి మా మామయ్యగారిది.

ఆయన ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. తెనాలి బస్టాండులో కూర్చుని ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఎన్నింటికి తిరిగి రావాలి అన్నది చూడటమే ఉద్యోగమంతా. నేను చోట్ల జాబితా కాగితం మీద రాసి ఆయన ముందు పెడితే, కళ్లజోడు సర్దుకుని ఒకే ప్రశ్న వేశారు.

“ఇందులో తాళం పడేవి ఏవమ్మా?”

పెన్ను తీసుకుని మ్యూజియాలకూ లింకన్ ఇంటికీ సమాధికీ పక్కన చిన్న గుండ్రం చుట్టారు. పాత పెట్రోలు బంకులు, రోడ్డు పక్క బొమ్మలు, గోడల మీద చిత్రాలు ఊరికే వదిలేశారు. “గుండ్రం ఉన్నవి పొద్దున. లేనివి సాయంత్రం. చీకటి పడేదాకా అవి ఎక్కడికీ పోవు” అన్నారు. మా ఇంట్లో ఒక్కరోజు ప్రయాణాలన్నీ ఇప్పుడు ఇదే సూత్రం మీద నడుస్తాయి.

దూరంగా ఉన్నది మొదట

ఈ సూత్రం మా దారికి ఎలా అతుకుతుందో చూడండి. ఇంటికి దగ్గరగా జోలియెట్, విల్మింగ్టన్, డ్వైట్, ఓడెల్, పాంటియాక్. ఇంకా కిందకి వెళితే అట్లాంటా, లింకన్. చిట్టచివర రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్. దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కో ఊళ్లో దిగుతూ పోతే స్ప్రింగ్‌ఫీల్డ్ చేరేసరికి సాయంత్రం నాలుగవుతుంది. అక్కడ లింకన్ పేరున్నవి దాదాపు అన్నీ ఐదింటికి మూసేస్తారు. అంతదూరం వెళ్లి మూసిన తలుపులు చూసి రావాలి. కాబట్టి పొద్దున ఎక్కడా ఆగకుండా ఇంటర్‌స్టేట్ 55 మీద తిన్నగా చివరికి వెళ్లిపోవాలి. తాపీగా చూసేవన్నీ తిరుగుదారికి.

పొద్దున దారిలో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. నేల బల్లపరుపు, అటూ ఇటూ మొక్కజొన్న, సోయా. పల్లెల మధ్య గంటకు 70 మైళ్ల వేగం వరకూ అనుమతి ఉంది. పిల్లలు వెనక సీట్లో నిద్రపోయే గంటల్లోనే ఈ దూరం కరిగిపోవాలి.

దూరం లెక్కకు ఫోన్ అక్కర్లేదు. ఇంటర్‌స్టేట్ మీద ఎగ్జిట్ నంబర్లంటే మైళ్ల లెక్కే. దక్షిణం పొలిమేర నుంచి ఎన్నో మైలో అదే ఆ ఎగ్జిట్ నంబరు. మేం బోలింగ్‌బ్రూక్ దగ్గర 267లో ఎక్కుతాం, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లోకి 98లో దిగుతాం. తీసివేస్తే 169 మైళ్లు. పాంటియాక్ 197, అట్లాంటా 140, ఓడెల్ 209. ఈ కిటుకు తెలిశాక మామయ్యగారు ముందు సీట్లోంచి కదల్లేదు. బోర్డు కనబడగానే “ఇంకా నలభై రెండు” అని అనౌన్సు చేస్తూ కూర్చున్నారు. మధ్యలో పాంటియాక్ దాటాక ఒకటి, ఫంక్స్ గ్రోవ్ దగ్గర ఒకటి విశ్రాంతి స్థలాలున్నాయి. బాత్‌రూములు శుభ్రంగా ఉంటాయి. పెద్దవాళ్లున్న కారు రెంటిలో ఒకచోట ఇరవై నిమిషాలు ఆగి తీరాలి. అయినా తొమ్మిదికల్లా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉంటాం.

లింకన్ ఇంటి మెట్లు

ఎనిమిదో వీధి, జాక్సన్ వీధి కలిసే మూల మీద ఉంది ఆ ఇల్లు. లింకన్ దాన్ని 1844లో కొన్నాడు. అధ్యక్షుడై 1861లో వాషింగ్టన్ వెళ్లేదాకా అక్కడే ఉన్నాడు. జీవితం మొత్తం మీద ఆయన సొంతానికి ఉన్న ఇల్లు అదొక్కటే. చుట్టూ నాలుగు బ్లాకుల్లో ఆనాటి ఇళ్లను అలాగే కాపాడారు. లోపల కార్లు తిరగవు, కాలిబాటలు చెక్కవి. అంతా నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది.

లోపలికి టికెట్టు తీసుకోవాలి గానీ డబ్బులు లేవు. కొడుకు రాబర్ట్ 1887లో ఇంటిని రాష్ట్రానికి రాసిచ్చినప్పుడు, జనం దగ్గర రుసుము తీసుకోకూడదని షరతు పెట్టాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. కారు నిలిపినందుకు మాత్రం కొంచెం కట్టాలి. ఉచిత టికెట్లు సందర్శకుల కేంద్రంలో ఇస్తారు, వాటి మీద వేళ వేసి ఉంటుంది. వేసవి శనివారం పదకొండింటికి వెళితే మధ్యాహ్నం వేళ చేతికి రావచ్చు. తొమ్మిదికి వెళితే ఎక్కువసేపు ఆగక్కర్లేదు. పొద్దున ఆరింటికే బయల్దేరమనడానికి ఇదే కారణం.

రేంజర్ వెంట తిరిగే ఆ అరగంటలో దేన్నీ తాకనివ్వరు. ఒక్క మెట్ల పక్క చెక్క కమ్మీని మాత్రం పట్టుకుని ఎక్కమంటారు. అది లింకన్ రోజూ పట్టుకుని ఎక్కిన కమ్మీయే. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. పై అంతస్తు వద్దులే అనుకున్న ఆవిడ ఆ మాట విన్నాక కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కారు. పైన ఆయన పడకగదిలో ఒక చిన్న రాతబల్ల ఉంటుంది. ఆరడుగుల నాలుగంగుళాల మనిషికి అది స్కూలు పిల్లాడి బల్లలా ఉంటుంది. మోకాళ్లు ఎక్కడ పెట్టుకునేవాడో పాపం.

అక్కడి నుంచి ఓక్‌రిడ్జ్ శ్మశానానికి కారులో పది నిమిషాలు. సమాధి 117 అడుగుల ఎత్తు. లోపల లింకన్, భార్య మేరీ, నలుగురు కొడుకుల్లో ముగ్గురు ఉన్నారు. 1876లో దొంగలు శవాన్ని ఎత్తుకుపోయి ప్రభుత్వం దగ్గర డబ్బు గుంజాలని చూశారు. అందుకే 1901లో పెట్టెను పదడుగుల లోతున దింపి కాంక్రీటు పోసేశారు. ద్వారం ముందు లింకన్ కంచు తల ఉంటుంది. రష్‌మోర్ కొండ మీద అధ్యక్షుల ముఖాలు చెక్కించిన గట్జన్ బోర్గ్‌లమ్ చేసిందది. ముక్కు నిమిరితే అదృష్టమని వచ్చినవాళ్లంతా నిమిరి నిమిరి, తలంతా నల్లగా ఉంటే ముక్కొక్కటే బంగారంలా మెరుస్తుంది. “మన దగ్గరైతే పక్కనే హుండీ పెట్టేవాళ్లు” అన్నారు అత్తయ్యగారు, తానూ ఒకసారి నిమిరి.

ఏది వదలాలి?

స్ప్రింగ్‌ఫీల్డ్ మొత్తం చూడాలంటే ఒక్క రోజు చాలదు. 2005లో తెరిచిన లింకన్ మ్యూజియం చాలా బాగుంటుంది, అయితే మూడు గంటలు తినేస్తుంది. పాత శాసనసభ భవనం ఉంది. 1858లో లింకన్ ‘చీలిన ఇల్లు’ ప్రసంగం చేసింది అక్కడే, 2007లో ఒబామా అధ్యక్ష పదవికి పోటీ ప్రకటించింది దాని ముందే. ఇప్పటి శాసనసభ గుమ్మటం 361 అడుగులు, వాషింగ్టన్‌లో ఉన్నదానికన్నా ఎత్తు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన డానా థామస్ ఇల్లు ఉంది. లింకన్ సొంత ఊళ్లోనే 1908 ఆగస్టులో నల్లవారి మీద దాడులు జరిగాయి. ఆ ఘోరం చూసి కదిలినవాళ్లే మరుసటి ఏడు పౌరహక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీని పెట్టారు. ఆ స్థలాన్ని 2024లో జాతీయ స్మారకంగా ప్రకటించారు.

మా పద్ధతిలో ఇల్లు, సమాధి ఖాయం. మూడోది ఒక్కటే, అదీ అందరూ కలిసి ఎంచుకోవాలి. హైస్కూలు పిల్లలుంటే మ్యూజియం పెట్టుకుని తిరుగుదారిలో రెండు ఊళ్లు కొట్టేయండి. పెద్దవాళ్లుంటే మ్యూజియం ఇంకోసారి. అన్నీ చూడాలనుకుంటే రెంటికీ చెడ్డ రేవడవుతాం. ఈ బేరసారాలు కారులో పెట్టుకోకూడదు. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గరే తేల్చుకోవాలి.

ఇక తిండి. ఈ ఊరి సొంత వంట ‘హార్స్‌షూ’. కాల్చిన రొట్టె మీద మాంసం, దాని మీద ఫ్రెంచ్ ఫ్రైస్ కుప్ప, అన్నిటి మీదా చీజ్ సాస్. 1928లో ఇక్కడి లేలాండ్ హోటల్లో పుట్టింది. ఇద్దరు పంచుకున్నా మిగులుతుంది. రెండోది కోజీ డాగ్. సాసేజీని మొక్కజొన్న పిండిలో ముంచి పుల్లకు గుచ్చి వేయిస్తారు. ఎడ్ వాల్డ్‌మైర్ అనే ఆయన 1946లో ఇక్కడ అమ్మడం మొదలుపెట్టాడు. పంది మాంసం, గొడ్డు మాంసం తిననివాళ్లు ఏం మాంసమో అడిగి తీసుకోవాలి. శాకాహారులకు రెండు చోట్లా దొరికేది బంగాళాదుంప వేపుళ్లే. మా కారులో ఇడ్లీలు, కారప్పొడి, నిమ్మకాయ పులిహోర, ఐసుపెట్టెలో పెరుగన్నం ఉంటాయి. శ్మశానం దగ్గర్లోనే లింకన్ పార్కు ఉంది. చెట్ల కింద బల్లల మీద తినేసి, ఒంటిగంటంబావుకల్లా కదలాలి. ఆ వేళ ఎందుకంటారా? తిరుగుదారిలో ఇంకో తాళం ఉంది.

నూరేళ్ల రోడ్డు

అమెరికా పాత రోడ్లలో పేరు మోసింది రూట్ 66. 1926లో పుట్టింది, 2026తో నూరేళ్లు. షికాగోలో మొదలై ఎనిమిది రాష్ట్రాల మీదుగా కాలిఫోర్నియా దాకా 2,448 మైళ్లు. అందులో సుమారు 300 మైళ్లు ఇల్లినాయ్‌లోనే. ఇంటర్‌స్టేట్లు వచ్చాక ఒక్కో ముక్కా పక్కకు పడిపోయి, 1985లో జాతీయ రహదారుల జాబితాలోంచి పేరే తీసేశారు. మన వైపు బైపాస్ పడ్డాక ఊళ్లో బస్టాండు ఎదురు కాఫీ హోటళ్లు మూతపడ్డట్టే ఇక్కడా జరిగింది. తర్వాత ఆ ఊళ్లే పాత రోడ్డు జ్ఞాపకాలను బాగుచేసుకుని మళ్లీ జనాన్ని రప్పించుకుంటున్నాయి.

ముందు లింకన్ ఊరు. ఆయన అధ్యక్షుడు కాకముందే, 1853లో, ఆయన పేరు పెట్టుకున్న ఊరిది. అప్పట్లో ఆ ఊరి కాగితాలు రాసిన వకీలు ఆయనే. ప్రారంభోత్సవానికి పుచ్చకాయ కోసి ఆ రసంతో నామకరణం చేశారని చెబుతారు. రైల్వేస్టేషన్ దగ్గర పుచ్చకాయ ముక్క విగ్రహం ఉంది. ఫొటో తీసుకుని బయల్దేరితే తర్వాతిది అట్లాంటా. చేతిలో పెద్ద హాట్‌డాగ్ పట్టుకున్న పందొమ్మిది అడుగుల మనిషి బొమ్మ వీధి పక్కన నిలబడి ఉంటాడు. పాత రోడ్డు పక్క హోటళ్లు కస్టమర్లను ఆపడానికి పెట్టుకున్న బొమ్మలివి. గంటకు అరవై మైళ్ల వేగంతో పోయేవాడి కంట పడాలంటే అంత ఎత్తుండాలి మరి.

అట్లాంటా నుంచి పాంటియాక్‌కు 57 మైళ్లు ఇంటర్‌స్టేట్ మీదే వచ్చేయాలి. నేను చెప్పిన రెండో తాళం ఇక్కడుంది. పాత అగ్నిమాపక కేంద్రంలో పెట్టిన రూట్ 66 మ్యూజియం వేసవిలో ఐదింటిదాకా, చలికాలంలో ఇంకా ముందే మూసేస్తారు. వేళలు మారుతుంటాయి కాబట్టి వెళ్లే వారంలో ఒక ఫోన్ చేయండి. నాలుగింటికల్లా లోపలుంటే చాలు. ప్రవేశం ఉచితం.

అక్కడ నాకు బాగా నచ్చేది ఒక పాత నారింజరంగు ఫోక్స్‌వ్యాగన్ వ్యాను. బాబ్ వాల్డ్‌మైర్ అనే బొమ్మలేసే మనిషిది. ఏళ్ల తరబడి ఈ రోడ్డు మీదే తిరుగుతూ ఊళ్లనూ వంతెనలనూ పురుగుపుట్రనూ సన్నగీతల్లో గీసేవాడు. ‘కార్స్’ సినిమాలో ఫిల్‌మోర్ అనే వ్యాను పాత్రకు ఇతనే ప్రేరణ. పేరు చూసి గుర్తుపట్టారా? కోజీ డాగ్ కనిపెట్టిన ఎడ్ గారి కొడుకే. సాసేజీలమ్మే ఇంట్లో పుట్టి శాకాహారి అయ్యాడు. మా అత్తయ్యగారు ఆ వ్యాను ముందు ఆగి, “ఈ అబ్బాయి మనవాడే” అని తేల్చేశారు.

మ్యూజియం వెనక గోడ నిండా పెద్ద రూట్ 66 గుర్తు చిత్రించి ఉంది. ఊళ్లో మిగతా గోడల మీద కూడా 2009లో చిత్రకారుల బృందం వచ్చి వేసిన బొమ్మలున్నాయి. వీటికి తాళాల్లేవు. ఇక్కడే కారుకు పెట్రోలూ మనకు కాఫీ పోయించుకుంటే, ఐదుంబావు నుంచి ఇక గడియారం చూడనక్కర్లేదు.

సాయంత్రం, పాత దారిలో

పాంటియాక్ నుంచి విల్మింగ్టన్ దాకా ఇంటర్‌స్టేట్ ఎక్కకండి. ఫోన్‌లో మ్యాపు పదేపదే దానిమీదకే లాగుతుంది. సెట్టింగుల్లో హైవేలు వద్దని పెట్టి, గోధుమరంగు ‘హిస్టారిక్ రూట్ 66’ బోర్డుల వెంట వెళ్లండి. కొన్నిచోట్ల మనం పోయే రోడ్డు పక్కనే ఇంకా పాత కాంక్రీటు బాట, పగుళ్లలో గడ్డి మొలిచి, సమాంతరంగా సాగుతుంటుంది. రైలు పట్టాలు కూడా పక్కనే. 2023 నుంచి ఈ లైన్లో ఆమ్‌ట్రాక్ రైళ్లు గంటకు 110 మైళ్ల దాకా పోతున్నాయి. దూరంగా కనబడిన రైలు కళ్లు మూసి తెరిచేలోగా దాటిపోతుంది. గేటు దిగుతుంటే ఆగిపోవడమే, తొందరపడకూడదు.

ఓడెల్‌లో 1932 నాటి స్టాండర్డ్ ఆయిల్ బంకు ఉంది, చిన్న పెంకుటింటి మాదిరిగా. బంకు కంటే నేను ముందు చూపించేది ఊళ్లో రోడ్డు పక్కనున్న ఒక మెట్ల దారి. 1930ల్లో ఈ రోడ్డు మీద వాహనాల రద్దీ ఎంతంటే, చర్చికి వెళ్లేవాళ్లు అవతలికి దాటలేకపోయారు. 1937లో రోడ్డు కింద సొరంగం తవ్వాల్సి వచ్చింది. మేం వెళ్లిన సాయంత్రం మామయ్యగారు అదే రోడ్డు మధ్యలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, అటు చివర ఇటు చివర చూసి, “ఒక్క బండి కూడా లేదే” అన్నారు. సొరంగం అవసరమైన రోడ్డు మీద తీరిగ్గా నిలబడటం ఆయనకు నమ్మశక్యం కాలేదు. ఇంకో ఎనిమిది మైళ్ల అవతల డ్వైట్‌లో 1933 నాటి టెక్సాకో బంకు ఉంది. అది 1999 దాకా పెట్రోలు పోస్తూనే ఉంది.

చివరిది విల్మింగ్టన్‌లో జెమిని జెయింట్. నెత్తిన వ్యోమగామి టోపీ, చేతుల్లో రాకెట్టు ఉన్న ఆకుపచ్చ బట్టల భారీ మనిషి. 1960లలో ఒక హోటలువాళ్లు నాసా జెమిని ప్రయోగాల పేరు కలిసొచ్చేలా నిలబెట్టారు. 2024లో వేలానికి వస్తే 2,75,000 డాలర్లు పలికింది. ఎవరో కొని దూరం తీసుకుపోతారని ఊరంతా బెంగపడింది గానీ, పక్క ఊరు జోలియెట్ మ్యూజియంవాళ్లు కొని, మళ్లీ విల్మింగ్టన్‌లోనే పార్కులో నిలబెట్టారు. ఇక్కడి నుంచి మా ఇంటికి ముప్పావుగంట.

బయల్దేరే ముందు

ఈ లెక్కంతా పొద్దు పొడుగున్న రోజులకే. జూన్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది. నవంబరు మొదట్లో గడియారాలు వెనక్కి తిప్పాక ఐదు కాకుండానే చీకటి. అప్పుడు పాత రోడ్డు భాగం మానేసి స్ప్రింగ్‌ఫీల్డ్ వరకే పెట్టుకోండి. అక్టోబరు, నవంబరుల్లో సందెవేళ లేళ్లు రోడ్డు మీదకొస్తాయి. కోతల కాలంలో నారింజరంగు త్రికోణం తగిలించుకుని ట్రాక్టర్లు నెమ్మదిగా పోతుంటాయి, వెనక హారన్ కొట్టకండి. ఆగస్టులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రాష్ట్ర జాతర జరిగే రోజుల్లో జనం ఎక్కువ. జాతర కోసమే వెళితే సరి, లేకపోతే వేరే వారం చూసుకోండి.

చట్టం సంగతులు కూడా రెండు మాటలు. ఇల్లినాయ్‌లో వెనక సీట్లో వాళ్లూ బెల్టు పెట్టుకోవాలి. ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఇది ఎక్కేటప్పుడే చెప్పండి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. నడిపేవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు. రోడ్డు పక్కన లైట్లు వేసుకుని ఆగిన వాహనం కనిపిస్తే వేగం తగ్గించి, వీలుంటే పక్క లేన్‌లోకి జరగాలి.

ఖర్చు పెద్దదేమీ కాదు. రానూపోనూ 370 మైళ్లు. గ్యాలన్‌కు 28 మైళ్లిచ్చే కారుకు పదమూడు గ్యాలన్ల చిల్లర. ఇల్లు, సమాధి, పాంటియాక్ మ్యూజియం మూడూ ఉచితమే.

మీరుండేది ఇల్లినాయ్ కాకపోయినా పద్ధతి ఇదే. ఒహాయోలో కొలంబస్ నుంచి బయల్దేరేవాళ్లు డేటన్‌లో వైమానిక దళం మ్యూజియం ముందు చూసుకుని, ఎల్లో స్ప్రింగ్స్ పక్కన క్లిఫ్టన్ లోయలో నడక సాయంత్రానికి పెట్టుకోవచ్చు. అయోవాలో డిమాయిన్ నుంచైతే వింటర్‌సెట్‌లో జాన్ వేన్ పుట్టిన ఇల్లు పొద్దున, మాడిసన్ కౌంటీ కప్పు వంతెనలు సాయంత్రం. మీ చోట్ల జాబితా కాగితం మీద రాయండి, తాళం పడేవాటికి గుండ్రం చుట్టండి, వాటిలో అన్నిటికన్నా ముందు మూసేది ఏదో ఫోన్ చేసి కనుక్కోండి. బయల్దేరే వేళ అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటే వస్తుంది. మిడ్‌వెస్ట్‌లో ఏ రాష్ట్రమైనా ఒక శనివారంలో కొంతైనా చూడొచ్చు.